ఉద్దానంలో ఒక కుప్ప తక్కువ

పలాస వెళ్ళొచ్చానని చెప్పగానే మా స్టాఫ్ రూములో అందరూ నా సంచీ వైపు చూశారు. జీడిపప్పు తెచ్చాను, పంచాను, సాయంత్రానికి అయిపోయింది. దాంతోపాటు ఒక సందేహం కూడా తెచ్చుకున్నాను. అది మాత్రం ఎవరికీ పంచలేక, నాలో నేను మోయలేక ఇలా రాస్తున్నాను.

నేను తెనాలిలో డిగ్రీ పిల్లలకు అర్థశాస్త్రం చెబుతాను. ఈ ఏడు ఆరోగ్య అర్థశాస్త్రం అనే కొత్త పేపరు నా నెత్తిన పడింది. వైద్యానికి డబ్బు ఎవరు పెడతారు, రోగియా, ప్రభుత్వమా, బీమా కంపెనీయా అన్నది మొదటి పాఠం. పుస్తకంలో ఆ ముగ్గురి మధ్యా బాణం గుర్తులు వేసిన బొమ్మ ఒకటుంది. ఆ బొమ్మ నాకే బుర్రకెక్కలేదు, ఇక పిల్లలకేం ఎక్కిస్తాను?

మా కాలేజీలో తెలుగు చెప్పే లలితది టెక్కలి దగ్గర నిమ్మాడ. సెలవులకు ఊరికి వెళుతూ, మా వైపు రండి మేడమ్, కిడ్నీ జబ్బు, ఉచిత వైద్యం, పింఛను అన్నీ ఒకేచోట కనిపిస్తాయి, మీ పాఠం కళ్ళారా చూడొచ్చు అంది. సరేనని బయల్దేరాను. చూసొచ్చాక, అంతకు ముందు కాస్తో కూస్తో అర్థమైన బాణాలు కూడా ఇప్పుడు అర్థం కావడం లేదు.

పలాస: కదలని ఆటో

పొద్దున్నే రైలు దిగేసరికి ఊరంతా జీడిగింజలు కాల్చిన వాసన. మొదట ఆకలి పుట్టించి, కాసేపటికి గొంతు పట్టుకునే వాసన అది. స్టేషను బయట ఇడ్లీ తిన్నాను. మా తెనాలిలో ఇడ్లీ అంటే కారప్పొడి, నెయ్యి, అల్లం పచ్చడి, పక్కవాడి ప్లేటు మీద ఒక కన్ను. ఇక్కడ పల్చటి చట్నీ గరిటెతో ధారాళంగా పోసి, ఇడ్లీని తేలేలా చేసి ఇచ్చారు. ఇదేం తిండి అనుకుంటూనే రెండో ప్లేటు తీసుకున్నాను.

జీడిపప్పు కొట్లో మొదటిసారి తికమకపడ్డాను. గుండ్లొక ధర, బద్దలొక ధర, ముక్కలొక ధర. గుండ్లలో మళ్ళీ లావువి, సన్నవి. అన్నీ ఒకే గింజలోంచి వచ్చినవే కదా అన్నాను. కొట్టాయన నన్ను జాలిగా చూసి, విరగకుండా బయటపడినదానికి ఎక్కువండీ అన్నాడు. బద్దలు తీసుకున్నాను. రుచిలో తేడా లేదు.

టెక్కలి బస్సు కోసం కాంప్లెక్సుకు వెళ్ళాలి. పెద్ద ఆసుపత్రి గోడ పక్కన ఒక ఆటోలో ఇద్దరు ఆడవాళ్ళు కూర్చుని ఉంటే, షేర్ ఆటో అనుకుని ఎక్కేశాను. వాళ్ళు జరిగి చోటిచ్చారు. ఏమీ అనలేదు. నేను సంచీ ఒళ్ళో పెట్టుకుని డ్రైవరు కోసం ఎదురు చూస్తున్నాను. ఎండ పెరుగుతోంది. చివరికి ఎప్పుడు బయల్దేరుతుందమ్మా అని అడిగాను.

"మా ఆయనకి మిసను అవ్వాలమ్మా. మజ్జాన్నం అవుద్ది" అంది పక్కనున్నావిడ.

అది డయాలసిస్‌కు వచ్చిన వాళ్ళ ఆటో. సముద్రం ఒడ్డునున్న నాలుగు ఇళ్ళవాళ్ళు కలిసి మాట్లాడుకున్నది. మరి నేనెక్కినప్పుడే చెప్పలేదేం అంటే, మీకూ లోపల మనిసి ఉన్నాడేమో అనుకున్నాను అంది. ఆ మాటకు అందరం నవ్వాం. ఈ ఊళ్ళో ఆసుపత్రి ముందు కూర్చున్న మనిషిని ఎందుకు కూర్చున్నావని ఎవరూ అడగరు.

ఆవిడ పేరు పోలమ్మ. చేపలు పట్టే కుటుంబం. భర్త ఎర్రయ్యకు వారానికి రెండుసార్లు డయాలసిస్. దాన్నే ఆవిడ మిసను అంటుంది. నేను దిగిపోవలసినదాన్ని దిగకుండా, పాఠం దొరికిందన్న ఆశతో ప్రశ్నలు మొదలుపెట్టాను. వైద్యం ఉచితమేనా? ఉచితమే, కార్డుంది. మరి ఖర్చేమిటి? ఆటోకి వంతు, ఇక్కడ తిండి, తోడు వచ్చిన రోజున ఆవిడ చేపల గంప ఎత్తదు కాబట్టి ఆ రాబడి పోవడం. పింఛను వస్తుందా? ఆ మధ్యనే మొదలైంది, నెలనెలా వస్తోంది. మిగతాది ఎలా గడుస్తుంది? జబ్బు వాటా ఉంది కదా అంది, నాకు తెలిసే ఉండాలన్నట్టు.

నాకు తెలియదు. విడమరిచి చెప్పించుకున్నాను. వాళ్ళ పడవ ఒడ్డుకు రాగానే చేపల్ని ఇసుకలో కుప్పలు పోస్తారు. సముద్రంలోకి వెళ్ళిన వాళ్ళకు తలా ఒకటి, పడవకు ఒకటి. వాటితో పాటు జబ్బుపడి వెళ్ళలేని మనిషికి ఇంకొకటి. వేలంలో అమ్మిన చేపల డబ్బు కూడా ఆ కుప్పల లెక్కనే పంచుకుంటారు. తాతల నాటి నుంచి ఉన్న పద్ధతి. కాలు విరిగితే, జ్వరం తగిలితే, మనిషి లేచి మళ్ళీ తెడ్డు పట్టేదాకా వాటా నడుస్తుంది. అయితే లేచే వీల్లేని జబ్బు ఒకటి వస్తుందని ఆ తాతలకు తెలియదు. ఎర్రయ్యకు మొదట్నుంచీ వాటా ఇస్తూనే ఉన్నారు. ఇప్పుడు పింఛను వస్తోంది కాబట్టి ఆపేద్దామని పడవలో మాట పుట్టింది. ఎల్లుండి ఒడ్డునే తేల్చుకుంటారట.

"పింసను మిసనుకి పోయి రాడానికమ్మా. వాటా ఉంటేనే మా ఆయన పడవ మనిసి. మీరు సదువు సెప్పేవోరు గదా, ఒకసారొచ్చి మావోలకి ఆ తేడా సెప్పండి" అంది పోలమ్మ.

వస్తానని అక్కడికక్కడే మాటిచ్చేశాను. అంత తేలిగ్గా ఎందుకిచ్చానో ఇప్పటికీ తెలియదు. బహుశా తేడా నాకు తెలుసనుకున్నాను.

టెక్కలి, రావివలస: కప్పు వద్దన్న దేవుడు

టెక్కలిలో బస్సు దిగగానే లలితకు ఇదంతా చెప్పాను. మెచ్చుకుంటుందనుకుంటే ముఖం చిట్లించింది. ఒకే నష్టానికి రెండు బీమాలు ఉండకూడదని క్లాసులో చెప్పేది మీరే కదా అంది. నిజమే, నేనే చెబుతాను. ఇల్లు కాలితే ఒక ఇంటి విలువే రావాలి, రెండిళ్ళది వస్తే మనిషి అగ్గిపెట్టె కోసం వెతుకుతాడని చెప్పి పిల్లల్ని నవ్విస్తాను కూడా. కానీ కిడ్నీ ఇల్లు కాదు కదా అన్నాను. మరేమిటో చెప్పమంది.

మర్నాడు రావివలస వెళ్ళాం. ఎండల మల్లికార్జునుడి గుడి. పెద్ద లింగం, పైన కప్పు లేదు, ఎండంతా స్వామి మీదే. చెప్పులు బయట విడిచి నడుస్తూ, బండలు కాలి నేను గెంతుతుంటే, లలిత నిమ్మళంగా ప్రదక్షిణ చేసింది. పూలమ్మే ముసలావిడ కథ చెప్పింది. రామాయణంలోని వైద్యుడు ఇక్కడే తపస్సు చేశాడట. లింగం మీంచి వీచే గాలికి చుట్టుపక్కల ఊళ్ళలో రోగాలు పోయేవట. జనం ముచ్చటపడి గుడి కడితే నిలవలేదట, గాలికి అడ్డం పెట్టొద్దని స్వామి కలలో చెప్పాడట. ఆ గాలికి కార్డేమైనా అడిగేవారా అన్నాను. లలిత నవ్వలేదు.

నీడకు కూర్చున్నాక తన పెదనాన్న సంగతి చెప్పింది. వాళ్ళది జీడితోట. ఇక్కడ డయాలసిస్ యంత్రాలు లేని రోజుల్లో ఆయన విశాఖ తిరిగి తిరిగి తోటలో సగం అమ్మేశాడు. మిగిలిన సగం ఆయన పోయాక అమ్మారు. ఊరంతా బంధువులే, అందరూ ఏడ్చారు, ఎవరూ తమ తోటలోంచి ఒక చెట్టు కాపు తీసి ఇవ్వలేదు. ఇవ్వాలని ఎవరికీ తట్టలేదు, ఎందుకంటే అలాంటి పద్ధతి లేదు.

"రైతుకి జబ్బు వాటా లేదు మేడమ్. మునిగితే ఒక్కడే మునుగుతాడు. ఆ పోలమ్మ గారి మీద నాకు కోపం కాదు, కుళ్ళు" అంది లలిత.

అలా ఉన్నదున్నట్టు చెప్పేసరికి ఆమె మీద నాకు ప్రేమ పుట్టుకొచ్చింది. ఆ సాయంత్రమంతా ఒడ్డున చెప్పబోయే మాటలు లోలోపల కూర్చుకుంటూనే ఉన్నాను. ఆపకూడదనడానికి దొరికిన ప్రతి కారణమూ, అటు తిప్పి చూస్తే, ఆపాలనడానికీ పనికొస్తోంది.

ఒడ్డు: ప్లాంటు నీళ్ళు

ఉద్దానం అని పిలిచే ఈ తీరంలో రోడ్డుకు రెండు వైపులా కొబ్బరి, జీడి, పనస. మా డెల్టా పచ్చదనం కళ్ళ ముందు చాప పరిచినట్టుంటుంది, ఇక్కడిది నెత్తిమీద గొడుగు పట్టినట్టుంది. మధ్యమధ్య తుఫానుకు తల తెగిన చెట్ల మోళ్ళు, వాటి పక్కనే మోకాలెత్తు కొత్త మొక్కలు. ఇంత చల్లటి చోట ఇంత మందికి ఆ జబ్బేమిటో, నీళ్ళ వల్లనో, మట్టి వల్లనో, ఎండలో పని వల్లనో, అడిగిన ప్రతివాళ్ళూ ఒక్కో కారణం చెప్పారు. వినడం తప్ప నేను చేయగలిగిందేమీ లేదు.

లలితకు ఇంట్లో పనుండి రాలేదు. ఒక్కదాన్నే పొద్దున్నే వెళ్ళాను. పోలమ్మ గుమ్మంలోనే స్టీలు గ్లాసుతో నీళ్ళిచ్చింది. పుచ్చుకున్నాను, తాగలేదు. ఒక్క క్షణమే ఆగాననుకుంటాను. ఆవిడ చూసేసింది.

"బయపడకండి, ప్లాంటు నీళ్ళే" అంది మెల్లగా. సిగ్గుతో గ్లాసు మొత్తం గటగటా తాగి, ఇంకో గ్లాసు అడిగాను.

ఎర్రయ్య అరుగు మీద ఉన్నాడు. యాభై దాటి ఉండవు, చిక్కి ఉన్నాడు. మిషను కోసం సరిచేసిన నరం ఎడమ చేతి మీద తాడులా లేచి ఉంది. రేపు మళ్ళీ పలాస వెళ్ళాలట. నన్ను చూసి నమస్కారం పెట్టాడు, వాటా గురించి మాత్రం ఒక్క మాటా ఎత్తలేదు. తెనాలిలో ఏ చేపలు తింటారని అడిగాడు. ఎక్కువగా చెరువు చేపలేనండీ అంటే, పాపం అన్నాడు.

పడవ వచ్చేసరికి ముగ్గురం ఇసుకలోకి నడిచాం. పడవ సొంతదారు సోమయ్య, నెరిసిన మీసాలాయన, దిగుతూనే నన్ను చూసి, ఈవిడేనా అన్నట్టు పోలమ్మ వైపు చూశాడు. మంచి చేపలు వేలానికి పోయాక, కూర చేపలు ఇసుకలో పోసి, వాటి పక్కనే కూర్చున్నారు. సోమయ్య నా కోసం ఒక వల మడిచి వేసి కూర్చోమన్నాడు.

నేను గొంతు సవరించుకుని పింఛనుకూ వాటాకూ తేడా మొదలుపెట్టాను. సోమయ్య అంతా విన్నాడు. తర్వాత కొంచెం దూరంగా నిలబడ్డ కుర్రవాణ్ణి చూపించాడు. లోకేశు, పాతికేళ్ళుంటాయేమో. నెల నుంచి సముద్రంలోకి వెళ్ళడం లేదు. వల లాగితే కళ్ళు తిరుగుతున్నాయి, తిన్నది నిలవడం లేదు. రక్త పరీక్షలో అతనికీ అదే జబ్బు మొదలైందని తేలింది. అయితే పింఛను ఇవ్వడానికి ప్రభుత్వం పెట్టిన గీత దాకా ఇంకా ముదరలేదు. అంటే పని చెయ్యలేనంత జబ్బుంది, పింఛను వచ్చేంత జబ్బు లేదు.

"వాటా ఒకటే ఉన్నాదమ్మా. జబ్బోలు ఇద్దరు. ఇప్పుడు సెప్పండి" అన్నాడు సోమయ్య.

పోలమ్మ సముద్రం వైపు చూస్తోంది. ఈ ముక్క నాకు చెప్పలేదని ఆవిడ మీద కోపం వచ్చింది. నేనైనా చెప్పేదాన్నా అనుకోగానే ఆ కోపం దిగిపోయింది. ఇద్దరికీ రెండు కుప్పలు వెయ్యకూడదా అన్నాను. చేపలు తగ్గిపోయాయి, ఉన్నదాన్ని ఇంకా చీలిస్తే వెళ్ళినవాడికే కూరకు చాలదన్నారు. పోనీ పడవ కుప్ప? అది డీజిలుకు, వలలకు, ఇంజను అప్పుకు అన్నాడు సోమయ్య. అదీ సబబే. ఉంచితే లోకేశుకు అన్యాయం, తీసేస్తే ఎర్రయ్యకు అన్యాయం అని అటూ ఇటూ చాలాసేపు మాట్లాడాను. నా మాటలు నాకే క్లాసులో పాఠం తప్పినప్పటిలా వినిపించాయి.

"అంటే ఉంచమంటన్నారా, తీసీమంటన్నారా?" అన్నాడు సోమయ్య.

"నాకు తెలియడం లేదండీ" అన్నాను.

ఎవరూ నవ్వలేదు. వాళ్ళకూ తెలియడం లేదని అప్పుడు అర్థమైంది. సోమయ్య లేచి ఇసుక దులుపుకుని, పేర్లు పిలిచేవాడే తేలుస్తాడు, ఎర్రయ్యా రా అన్నాడు.

వాళ్ళ పంపకంలో ఒక ఆచారం ఉంది. ఒక మనిషి, వీలైతే ఆ రోజు సముద్రంలోకి వెళ్ళనివాడు, కుప్పలకు వీపు పెట్టి, ఊరి వైపు తిరిగి నిలబడతాడు. సోమయ్య కర్రను ఒక కుప్ప మీద ఆనించి ఎవరిదని అడుగుతాడు. ఏ కుప్పో చూడకుండా ఆ మనిషి ఒక పేరు చెబుతాడు. చెప్పిన పేరు ఇక మార్చకూడదు, సముద్రం వినేసిందంటారు. జబ్బుపడ్డ దగ్గర్నుంచి, పలాస వెళ్ళని రోజుల్లో ఎర్రయ్యే పిలుస్తున్నాడట. ఇవాళ కుప్పలు ఎప్పటిలాగే వేశారు. పేర్లు మాత్రం ఒకటి ఎక్కువ. ఎవరో ఒకరి పేరు ఎర్రయ్య వదిలెయ్యాలి.

"ఇదెవుడిది?" అన్నాడు సోమయ్య. ఎర్రయ్య ఒక పేరు చెప్పాడు. ఆ మనిషి వచ్చి కుప్ప ముందు కూర్చున్నాడు. ఇంకో కుప్ప, ఇంకో పేరు. సగం దాకా వచ్చాక, అదే గొంతుతో, "ఎర్రయ్య" అన్నాడు. పోలమ్మ ఊపిరి వదలడం నాకు వినిపించింది. లోకేశు తల దించుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది, ఎవరి కోసమో తెలియలేదు.

ఆఖరి కుప్ప మిగిలింది. పేర్లు రెండున్నాయి, లోకేశు, పడవ. ఏ రోజైనా పడవ పేరు తప్పదు. సోమయ్య కర్ర ఆనించి అడిగాడు. ఎర్రయ్య కొబ్బరితోట వైపే చూస్తూ అన్నాడు.

"లోకేసు."

సోమయ్య కర్ర ఇంకా ఆ కుప్ప మీదే ఉంది. పడవకు కుప్ప లేదు. ఎర్రయ్య ఇటు తిరగలేదు.

"రేపు నీకు మిసను గదా?" అన్నాడు సోమయ్య.

"అవును మావా."

"అయితే రేపు నాను పిలుత్తాను" అని కర్ర ఇసుకలో గుచ్చి, పడవ వైపు వెళ్ళిపోయాడు.

ఆ మాటకు అర్థమేమిటో నాకు తెలియలేదు. పోలమ్మకూ తెలిసినట్టు లేదు. గంప ఎత్తుకుని, వద్దంటున్నా వినకుండా నాకు ఎండుచేపలు కట్టిచ్చింది. తిరుగు బస్సులో ఆ వాసనకు పక్కనావిడ లేచి వేరే సీటుకు వెళ్ళింది. సీటంతా నాదే అయింది కానీ సుఖంగా కూర్చోలేకపోయాను. రేపు సోమయ్య ఎర్రయ్య పేరు వదిలేస్తాడని, ఇవాళ పడవను వదిలేసినందుకు పగ తీర్చుకుంటాడని మనసు పీకుతూనే ఉంది.

మళ్ళీ పలాస: అదే ఆటో

మర్నాడు టెక్కలి నుంచి పలాస వచ్చి, రైలుకు ఇంకా వ్యవధి ఉంటే ఆసుపత్రి గోడ దగ్గరికి వెళ్ళాను. అదే ఆటో. ఈసారి తెలిసే ఎక్కాను. పోలమ్మ జరిగి చోటిచ్చింది. చేతిలో ఫోనుంది.

ఇప్పుడే లోకేశు ఫోన్ చేశాడంది. పంపకం అయిందట, సోమయ్యే వీపు పెట్టి నిలబడి పేర్లు పిలిచాడట.

ఎర్రయ్య పేరు పిలిచాడా అని అడిగాను.

"అదే ముందు పిలిసేడంట. తరవాత లోకేసుని పిలిసేడంట. పడవ పేరు మరిసిపోనాడంట."

మరిచిపోవడమేమిటి, తన పడవ పేరు తనే ఎలా మరిచిపోతాడు అన్నాను. మరిచిపోయాడనే చెప్పాలి అంది పోలమ్మ, చిన్నపిల్లకు చెప్పినట్టు. ఇస్తున్నానంటే రేపు ఇంజను అప్పువాడు అడుగుతాడు, మిగతా పడవలవాళ్ళు అడుగుతారు. మరిచిపోతే ఎవరూ అడగరు.

నా బుర్రలో బాణాలన్నీ మళ్ళీ లేచాయి. ఇది బీమానా, దానమా, పన్నా? ఇంజను అప్పు ఎలా తీరుతుంది? రోజూ మరిచిపోతూ ఉంటే పడవ ఎన్నాళ్ళు నడుస్తుంది? అదే అడిగాను ఆవిడ్ని.

"రోజూ మరిసిపోతే ఎలగమ్మా? సోమయ్య పిలిసేది మాకు మిసనున్న రోజుల్లోనే. కర్సుండేది ఆ రోజే గదా."

"మరి మిగతా రోజులు?"

పోలమ్మ ఫోను కొంగున మూటగట్టుకుంది. లోపలి నుంచి ఎవరినో పిలుస్తున్నారు, అది ఎర్రయ్య పేరు కాదని విని మళ్ళీ వెనక్కి ఆనుకుంది.

"మిగతా రోజులు పిలిసేది మా ఆయనే గదమ్మా. ఆయన పేరు ఆయనే మరిసిపోతాడంట. పొద్దున్న ఆటో ఎక్కీముందు సెప్పేడు. నాకు నచ్చనేదు. మిమ్మల్ని అడగమన్నాను, అడిగినా ఆవిడికీ తెలీదన్నాడు."